గదిలో ఒకరికి తెలిసింది అందరికీ వినపడాలి

(లేబర్ రూమ్ సిబ్బందికి, పీజీ విద్యార్థులకు, నర్సింగ్ ట్యూటర్లకు, 108 సిబ్బందికి కలిపి నిర్వహించిన సిమ్యులేషన్ (ఎమర్జెన్సీని నటించి సాధన చేసే) శిక్షణలో ఒక ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం. చివర సభలో వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందుగా, పొద్దున డ్రిల్ చేసిన ఐదుగురికీ నా ధన్యవాదాలు. ఇంతమంది చూస్తుండగా, పైన కెమెరా తిరుగుతుండగా, బొమ్మకి వైద్యం చేయడం ఎంత టెన్షనో చేసినవాళ్ళకే తెలుసు. డీబ్రీఫింగ్‌లో, అంటే డ్రిల్ అయ్యాక కూర్చుని జరిగింది చర్చించుకునేటప్పుడు, మాట్లాడుకున్నది ఆ గది దాటకూడదన్నది మన నియమం. అందుకని ఆ ఐదుగురినీ అడిగి, సరే చెప్పండి అన్నాకే ఆ సంగతి ఇక్కడ ఎత్తుతున్నాను.

చూడనివాళ్ళ కోసం కేసు చెబుతాను. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, రెండో కాన్పు. నార్మల్ డెలివరీ అయి పది నిమిషాలైంది, మాయ పూర్తిగా వచ్చేసింది, కానీ రక్తస్రావం ఆగడం లేదు. మనం వాడింది మామానటలీ అనే బొమ్మ. మామూలు మానికిన్‌లా మంచం మీద పడుకోబెట్టేది కాదిది. మన ట్యూటర్ ఒకరు దాన్ని పొట్టకు కట్టుకుని మంచం మీద పడుకుంటారు. లోపల చెయ్యి పెట్టి గర్భసంచిని గట్టిగానో మెత్తగానో మార్చగలరు, ఎర్రనీళ్ళు వదలగలరు. "కళ్ళు తిరుగుతున్నాయి సిస్టర్, మంచినీళ్ళు ఇవ్వండి" అని తానే అంటారు కూడా. ఆ మాట వినగానే బొమ్మ అన్న సంగతి మర్చిపోతాం.

కేస్ షీట్‌లో మేమొక సంగతి పెట్టాం. డెలివరీకి అరగంట ముందు చూసిన బీపీ 150/100. అది రాసింది డ్రిల్‌లో స్టాఫ్ నర్స్‌గా ఉన్న అమ్మాయే.

గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తోంది. గర్భసంచి ఇంకా మెత్తగానే ఉంది. పీజీ రెండు చేతులతో గర్భసంచిని ఒత్తిపట్టి ఉంది. "మెథర్జిన్ ఒక ఆంపుల్ ఇచ్చేయండి" అంది. అదీ గర్భసంచిని గట్టిపరిచే మందే. స్టాఫ్ నర్స్ "మేడమ్, బీపీ..." అంది. "త్వరగా ఇవ్వండి" అంది పీజీ. నర్స్ ట్రే వైపు ఒక అడుగు వేసి ఆగి, "ఇందాక బీపీ కొంచెం ఎక్కువేమో మేడమ్" అంది. సరిగ్గా అప్పుడే బాలింత తల్లి వేషంలో ఉన్న మా ట్యూటర్ తలుపు తోసుకుని వచ్చి ఏడవడం మొదలుపెట్టారు. ఆ గోలలో హౌస్ సర్జన్ ఆంపుల్ పగలగొట్టి, సిరంజిలోకి తీసి, ఇచ్చేశాడు.

బొమ్మకి ఏమీ కాదు. మనిషికైతే, బీపీ ఎక్కువ ఉన్నప్పుడు మెథర్జిన్ పడితే అది ఇంకా ఎగబాకుతుంది. ఫిట్స్ రావచ్చు, మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. పొద్దున మీ అందరికీ ఇచ్చిన ప్రశ్నపత్రంలో ఈ ప్రశ్న ఉంది. బీపీ ఉన్నవాళ్ళకి ఏ మందు ఇవ్వకూడదు అన్నదానికి ఆ ఐదుగురూ సరైన జవాబే పెట్టారు.

డీబ్రీఫింగ్‌లో నర్స్‌ని అడిగాను, "అమ్మా, రెండోసారి చెప్పాక ఆగిపోయావు. అప్పుడు నీ మనసులో ఏముంది?" ఆ అమ్మాయి చెప్పిన జవాబు వినండి. "మేడమ్ కేస్ షీట్ చూసే ఉంటారనుకున్నాను. రెండుసార్లు చెప్పినా ఇవ్వమన్నారు కాబట్టి తెలిసే, అవసరమయ్యే ఇస్తున్నారేమో అనుకున్నాను." పీజీని అడిగితే, "నాకసలు వినపడలేదు మేడమ్" అంది. వీడియో వేసి చూశాం. రెండు మాటలూ స్పష్టంగా రికార్డయ్యాయి. పీజీ తన గొంతు, నర్స్ గొంతు పక్కపక్కనే విని నిర్ఘాంతపోయింది. ఆమె అబద్ధం చెప్పలేదు. చేతుల నిండా రక్తం, తలలో పది లెక్కలు, ఒకటే పని మీద దృష్టి. అలాంటప్పుడు చెవి పక్కన మాట్లాడినా వినపడదు. ఇది ఆమె ఒక్కదాని సమస్య కాదు, మనిషి మెదడు పనిచేసే తీరే అంత.

చూడండి, ఆ గదిలో మందులున్నాయి, చదువుంది, కావాల్సిన సమాచారమూ ఉంది. అది ఒకరి దగ్గరే ఉండిపోయింది. ఈ శిక్షణ ఎందుకని ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. క్యాన్యులా పెట్టడం, గొట్టం వేయడం బొమ్మ మీద నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. కానీ చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి గట్టిగా ఒక మాట చెప్పడం, పెద్దవాళ్ళు చేస్తున్న పని ఆపి ఆ మాట వినడం, ఈ రెండూ సాధన చేయడానికి ఇంతకన్నా సురక్షితమైన చోటు లేదు. వార్డులో వాటిని సాధన చేస్తే మూల్యం పేషెంట్ చెల్లిస్తుంది.

ఇంగ్లండ్‌లో జరిగిన ఒక సంఘటన చెబుతాను. 2005 మార్చి 29న ఎలెయిన్ బ్రోమిలీ అనే ఆవిడ సైనస్ ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరారు. వయసు 37 ఏళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం మూసుకుపోయింది. మాస్క్‌తో ఊపిరి అందించలేకపోయారు, గొట్టం దిగలేదు. ఇద్దరు ఎనస్తీషియా డాక్టర్లు, ఒక ఈఎన్‌టీ సర్జన్, ముగ్గురూ అనుభవజ్ఞులే. గొట్టం వేయడానికే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. దాదాపు ఇరవై నిమిషాలు ఆక్సిజన్ శాతం 40, అంతకన్నా తక్కువలోనే ఉండిపోయింది. అలాంటప్పుడు మెడ దగ్గర కోసి గాలిదారి చేయాలన్నది వాళ్ళు చదువుకున్నదే.

ఆ గదిలో నర్సులు కూడా ఉన్నారు. ఒకరు మెడ దగ్గర గాలిదారి చేసే ట్రేకియాస్టమీ సెట్ తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పారు. ఇంకొకరు ఐసీయూకి ఫోన్ చేసి బెడ్ సిద్ధం చేయించారు. తిరిగొచ్చి ఆ సంగతి చెబితే, డాక్టర్లు ఎందుకింత హడావిడి అన్నట్టు చూశారట. ఆవిడ వెళ్ళి ఆ బెడ్ వద్దని చెప్పేశారు. ఏం చేయాలో ఆ నర్సులకు తెలుసని, ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదని తర్వాత విచారణలో బయటపడింది. ఎలెయిన్ స్పృహలోకి రాలేదు. పదమూడు రోజులకి చనిపోయారు.

ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. ఎవరికీ శిక్ష పడాలని ఆయన పట్టుబట్టలేదు. విమానం కూలితే ఎలా విచారిస్తారో అలా విచారించి, నేర్చుకోవాల్సింది నేర్చుకోండి అన్నారు. 2007లో క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్ అనే సంస్థను మొదలుపెట్టారు. కట్టుకున్న భార్యని పోగొట్టుకున్న మనిషికి అంత నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన విమానాల పేరు ఊరికే ఎత్తలేదు. ఈ పాఠాన్ని విమానరంగం మనకన్నా ముందే నేర్చుకుంది, చాలా ప్రాణాలు పోయాక. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే దిగలేదేమో అని, టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్ఎమ్ సంస్థ విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్ కాక్‌పిట్‌లోనే అనుమానం వ్యక్తం చేశాడు. కెప్టెన్ దిగిపోయిందన్నాడు. ఇంజనీర్ ఇక మాట్లాడలేదు. ఆ కెప్టెన్ ఆ సంస్థలో అందరికన్నా పేరున్న శిక్షకుడు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే పైలట్లకి విమానం నడపడంతో పాటు కలిసి పనిచేయడంలోనూ శిక్షణ మొదలైంది. 1980ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా అనే ఎనస్తీషియా డాక్టర్ ఆ పద్ధతిని ఆపరేషన్ థియేటర్‌కి తెచ్చారు. మానికిన్, కెమెరా, డ్రిల్ తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే.

మన పొద్దుటి వీడియోకి మళ్ళీ వద్దాం. అందులో ఇంకో రెండు నిమిషాలున్నాయి, అవి నన్ను బాగా కలవరపెట్టాయి. పీజీ తల ఎత్తకుండా "ఎవరైనా బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేయండి" అంది. వీడియోలో చూస్తే ముగ్గురు ఫోన్ వైపు చూశారు. ఒక్కరూ కదల్లేదు. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళు చేస్తారనుకున్నారు. నాలుగు నిమిషాల తర్వాత పీజీ "రక్తం ఏమైంది?" అని అడిగితే గది నిశ్శబ్దం. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాకా రక్తం అందుతుంది. ఆ లెక్కన నాలుగు నిమిషాలంటే ఎంతో మీరే ఆలోచించండి. ఇంకోవైపు, రక్తస్రావం తగ్గించే మందు "ట్రానెక్సా ఇవ్వండి" అంటే ఇద్దరు చెరో సిరంజి నింపారు. ఒక పని ఎవరూ చేయలేదు, ఒక పని ఇద్దరు చేయబోయారు. రెండింటికీ కారణం ఒకటే, ఆర్డర్ గాలిలోకి వెళ్ళింది.

ఆర్డర్ ఒక మనిషికి చెప్పాలి. ఆ మనిషి తిరిగి చెప్పాలి. పని అయ్యాక అయిందని మళ్ళీ చెప్పాలి. దీన్నే క్లోజ్డ్ లూప్ అంటున్నాం. ఇలా ఉంటుంది.

"సునీతా, ట్రానెక్సా ఒక గ్రాము ఐవీ, పది నిమిషాల్లో మెల్లగా."

"ట్రానెక్సా ఒక గ్రాము ఐవీ, పది నిమిషాల్లో. మొదలుపెడుతున్నాను మేడమ్."

కాసేపటికి, "ట్రానెక్సా పూర్తయింది మేడమ్, టైమ్ 11:42."

మొదట్లో ఇది నాటకంలా అనిపిస్తుంది. చెప్పిందే మళ్ళీ ఎందుకు చెప్పాలని పిల్లలు సిగ్గుపడతారు. నాలుగైదు డ్రిల్స్ అయ్యేసరికి అలవాటవుతుంది. తర్వాత ఎవరైనా తిరిగి చెప్పకపోతే వెలితిగా అనిపిస్తుంది. ఇక పేర్లంటారా, మన దగ్గర హౌస్ సర్జన్లు ఇలా పోస్టింగ్‌కి వచ్చి అలా వెళ్ళిపోతుంటారు, పేర్లు ఎవరికి గుర్తుంటాయి? డ్యూటీ ఎక్కగానే ప్లాస్టర్ ముక్క మీద మార్కర్‌తో పేరు రాసి ఏప్రన్‌కి అంటించుకోండి. పేరు తెలియకపోతే కళ్ళలోకి చూసి, చెయ్యి చూపించి, "నీలం స్క్రబ్స్ డాక్టర్, మీరు" అనండి. "సిస్టర్" అని పిలిస్తే గదిలో నలుగురు సిస్టర్లున్నారు.

అంకెల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. మన ఆసుపత్రుల్లో ఆల్ ఇండియా కోటాలో వచ్చిన పీజీకి తెలుగు అంతంతమాత్రం, ఆయమ్మకి ఇంగ్లీషు రాదు, ఆర్డర్లేమో సగం ఇంగ్లీషు సగం తెలుగు. మాస్క్‌లోంచి "ఫిఫ్టీన్" అంటే "ఫిఫ్టీ" అని వినపడుతుంది. "వన్ ఫైవ్, పదిహేను" అని రెండు రకాలుగా చెప్పండి. యూనిట్లా, ఎంఎల్లా, మిల్లీగ్రాములా అన్నది వదలకండి. తెలుగు రాని పీజీ ఉంటే సిమ్యులేషన్‌లో కావాలనే ఆ టీమ్‌లో వేయండి. భాష దగ్గర ఎక్కడ తడబడుతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

ఫోన్ సంగతి. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, ఇప్పుడు మారుమూల పీహెచ్‌సీ నుంచి కూడా పేషెంట్‌ని పంపగలుగుతున్నాం. కానీ పంపే ముందు చేసే ఫోన్ ఎలా ఉంటుంది? "సార్, పేషెంట్ బాగోలేదు, బ్లీడింగ్ అవుతోంది, పంపిస్తున్నాం." అంతే. అవతలివాళ్ళకి ఏం అర్థం కావాలి? ఎస్‌బార్ అనే పద్ధతి అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో పుట్టింది, అక్కడి కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల నుంచి మిగతా వైద్యరంగానికి పాకింది. ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనుక సంగతేంటి, నేనేమనుకుంటున్నాను, నాకేం కావాలి. ఈ నాలుగూ వరసగా చెప్పాలి. పొద్దున రెండో బృందంలో పీహెచ్‌సీ నర్స్ చేసిన ఫోన్ మూడో ప్రయత్నానికి ఇలా వచ్చింది:

"సార్, పీహెచ్‌సీ నుంచి స్టాఫ్ నర్స్‌ని మాట్లాడుతున్నాను. కాన్పయి ఇరవై నిమిషాలైన బాలింతకి రక్తస్రావం ఆగడం లేదు, కొలత షీట్‌లో 700 ఎంఎల్ దాటింది. పల్స్ 124, బీపీ 90/60. రెండో కాన్పు, మాయ పూర్తిగా వచ్చింది, హిమోగ్లోబిన్ 8.2. ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తోంది, ట్రానెక్సా ఇచ్చాం. గర్భసంచి గట్టిపడటం లేదు, ఎటోనిక్ పీపీహెచ్ అనుకుంటున్నాను సార్. 108 వచ్చేసింది. ఓ పాజిటివ్ రెండు యూనిట్లు సిద్ధం చేయించండి. దారిలో ఇంకేం చేయమంటారు?"

ఎటోనిక్ పీపీహెచ్ అంటే కాన్పయ్యాక గర్భసంచి గట్టిపడక అయ్యే అధిక రక్తస్రావం. ఈ ఫోన్‌కి నిమిషం కూడా పట్టదు. మొదటి రెండు ముక్కలూ అందరూ త్వరగానే పట్టేస్తారు. "ఎటోనిక్ పీపీహెచ్ అనుకుంటున్నాను" అన్న చోట, "రెండు యూనిట్లు సిద్ధం చేయించండి" అన్న చోట నర్సుల గొంతు తగ్గిపోతుంది. డయాగ్నసిస్ చెప్పడం నీ పని కాదని మనమే ఏళ్ళ తరబడి వాళ్ళకి నేర్పాం మరి. మంచం పక్కన నిలబడి, చెయ్యి వేసి చూసిన మనిషి అభిప్రాయం అవతలి డాక్టర్‌కి బంగారంతో సమానం. దాన్ని అడిగి తీసుకోవాల్సిన బాధ్యత ఫోన్ ఎత్తినవాళ్ళది. వాళ్ళు చెప్పకపోతే, "సిస్టర్, మీకేమనిపిస్తోంది?" అని అడగండి.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాను. పెద్దవాళ్ళు చెప్పినదాన్ని చిన్నవాళ్ళు ఎలా ఆపాలి? టీమ్‌స్టెప్స్ అని 2006లో అమెరికాలో వచ్చిన శిక్షణలో దీనికి మూడు మెట్లున్నాయి. మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. మొదట "మేడమ్, నాకు ఆందోళనగా ఉంది, బీపీ 150/100 ఉంది." వినకపోతే "మేడమ్, మెథర్జిన్ ఇవ్వడం నాకు సరిగ్గా అనిపించట్లేదు." అప్పటికీ వినకపోతే "మేడమ్, ఆగండి. ఇది పేషెంట్‌కి ప్రమాదం." మూడో మాట విన్నాక ఎవరైనా సరే చేతిలో పని ఆపాలి. ఆ మాటకి ఆ విలువ ఉంటుందని డ్రిల్ మొదలవ్వకముందే అందరూ ఒప్పుకోవాలి.

"పెద్దవాళ్ళని ఆగండి అని ఎలా అంటాం మేడమ్?" అని ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మర్యాద తగ్గనక్కర్లేదు. మేడమ్ అనండి, సార్ అనండి, మీరు అనండి. తీసేయాల్సినవి వేరే ఉన్నాయి. "కొంచెం", "ఏమో", "అనుకుంటా". పొద్దున మన నర్స్ "బీపీ కొంచెం ఎక్కువేమో" అంది. 150/100 తన చేత్తో రాసింది, తనకి కచ్చితంగా తెలుసు. మర్యాద కోసం ఆ కచ్చితత్వాన్ని తగ్గించుకుంది. డీబ్రీఫింగ్ అయ్యాక అదే సీన్ మళ్ళీ చేయించాం. మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి పీజీ దగ్గరికి జరిగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మేడమ్, బీపీ 150/100. మెథర్జిన్ వద్దు" అంది. పీజీ తల ఎత్తి చూసి, "థాంక్యూ. మెథర్జిన్ ఆపండి. ఉబ్బసం ఉందా? లేదా? అయితే కార్బోప్రోస్ట్" అంది. కార్బోప్రోస్ట్ కూడా గర్భసంచిని గట్టిపరిచేదే, ఉబ్బసం ఉన్నవాళ్ళకి మాత్రం ఇవ్వకూడదు. మొత్తం ఆరేడు సెకన్లు. గదిలో చప్పట్లు కొట్టారు, మీరూ విన్నారు.

పీజీ అన్న ఆ "థాంక్యూ" ఉంది చూశారూ, దాని కోసమే సీనియర్లని కూడా ఈ శిక్షణకి రమ్మని బతిమాలుతుంటాను. మాట్లాడమని నర్సులకి ఎన్ని తరగతులు పెట్టినా, మొదటిసారి నోరు విప్పినప్పుడు పైనుంచి ఒక విసురు మాట వస్తే రెండోసారి విప్పరు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేశారు. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుని మొదలుపెట్టారు. తీరా చూస్తే మంచి టీమ్‌లలోనే లెక్క ఎక్కువ తేలింది. వాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చేసినవి దాచకుండా చెప్పుకుంటున్నారని తర్వాత అర్థమైంది. మీ వార్డులో నెలల తరబడి ఒక్క పొరపాటూ రిపోర్ట్ కాలేదంటే సంతోషపడకండి, ఎవరు ఎందుకు మాట్లాడట్లేదో కనుక్కోండి.

సీనియర్లకి ఒక చిన్న అలవాటు చెబుతాను. ఎమర్జెన్సీ మధ్యలో, రెండు మూడు నిమిషాలకొకసారి ఆగి, గట్టిగా చెప్పండి. "కాన్పయి పదిహేను నిమిషాలు. 800 ఎంఎల్ పోయింది. ఆక్సిటోసిన్, ట్రానెక్సా ఇచ్చాం. గర్భసంచి ఇంకా మెత్తగా ఉంది. నేనేమైనా మర్చిపోతున్నానా?" అని, మూడు సెకన్లు నోరు మూసుకుని ఉండండి. ఆ మూడు సెకన్లే కష్టం. ఆ ఖాళీలోకే "మేడమ్, బీపీ" అన్న మాట వస్తుంది.

డీబ్రీఫింగ్ చేసే ట్యూటర్లకి ఒక మాట. డ్రిల్ పది నిమిషాలైతే డీబ్రీఫింగ్ కనీసం ఇరవై నిమిషాలు ఉండాలి. "ఎందుకు చేయలేదు?" అని అడిగారంటే వాళ్ళు సమర్థించుకోవడం మొదలుపెడతారు, అక్కడితో పాఠం అయిపోతుంది. మీరు చూసింది చెప్పండి, దాని మీద మీ ఆందోళనేంటో చెప్పండి, తర్వాత అప్పుడు వాళ్ళ మనసులో ఏముందో నిజంగా తెలుసుకోవాలన్న కోరికతో అడగండి. "మేడమ్‌కి తెలిసే ఉంటుందనుకున్నాను" అన్న వాక్యం మనకి అలా అడిగినందుకే దొరికింది. వీడియో కూడా మొత్తం వేయకండి. ఒక నిమిషం చాలు.

ఇదంతా బాగానే ఉంది, నిజంగా పేషెంట్లకి మేలు జరుగుతుందా అని అడగడం న్యాయమే. ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రిలో కాన్పుల విభాగం సిబ్బంది అందరికీ, డాక్టర్లు మిడ్‌వైఫ్‌లు కలిసి, సొంత ఆసుపత్రిలోనే ఏటా డ్రిల్స్ చేయించారు. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న శిశువుల సంఖ్య పది వేల కాన్పులకి 27.3 నుంచి 13.6కి తగ్గిందని 2006లో ప్రచురించారు. పీపీహెచ్ విషయంలో ఈ-మోటివ్ అధ్యయనం ఉంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, రెండు లక్షల మందికి పైగా తల్లులు. ఫలితాలు 2023లో వచ్చాయి. కాన్పయ్యాక తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ షీట్ పరిచి రక్తం కొలవడం, గీత దాటగానే మసాజ్, ఆక్సిటోసిన్, ట్రానెక్సా, సెలైన్, పరీక్ష అన్నీ వరసగా ఒకేసారి మొదలుపెట్టడం. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం, వీటన్నిటినీ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. అలాంటి షీట్ మనకి కొత్తదేం కాదు, బెళగావిలో జరిగిన పరిశోధనల్లో ఎప్పుడో వాడారు. రక్తం ఎంత పోయిందన్నది కంటి అంచనా అయితే నర్స్ ఒకటి అనుకుంటుంది, డాక్టర్ ఒకటి అనుకుంటారు, వాదించలేక చిన్నవాళ్ళు ఊరుకుంటారు. షీట్ మీద అంకె ఉంటే మర్యాద అడ్డు రాదు. అందుకే నాకు అది పరికరం మాత్రమే కాదు, మాట్లాడే ధైర్యం కూడా.

సౌత్‌మీడ్ వాళ్ళు సొంత చోటే చేశారని చెప్పాను కదా, దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో స్కిల్ ల్యాబ్ తప్పనిసరి చేశారు, మంచి పని. ఖరీదైన మానికిన్లు కూడా వచ్చాయి. చాలాచోట్ల వాటి మీద కవర్ తీసి చూసేది ఇన్‌స్పెక్షన్ రోజే. కొన్న డబ్బులో పదో వంతు ట్యూటర్లకి డీబ్రీఫింగ్ నేర్పడానికి పెట్టి ఉంటే ఎంతో బాగుండేది. మీ దగ్గర మానికిన్ లేకపోయినా ఫర్వాలేదు. రాత్రి డ్యూటీలో, మీ లేబర్ రూమ్‌లోనే, ఒక నర్సింగ్ విద్యార్థిని మంచం మీద పడుకోబెట్టి డ్రిల్ చేయండి. ట్రానెక్సా ఉన్న అల్మారా తాళం హెడ్ నర్స్ దగ్గర ఉందని, ఆవిడ ఇంటికి వెళ్ళారని అప్పుడు తెలుస్తుంది. గోడ మీద రాసిన బ్లడ్ బ్యాంక్ నంబర్ మారిపోయిందని తెలుస్తుంది. ట్రేలో పెద్ద సైజు క్యాన్యులా లేదని తెలుస్తుంది. ఏసీ స్కిల్ ల్యాబ్‌లో ఇవేవీ బయటపడవు.

బయట నిలబడ్డ తల్లిని కూడా డ్రిల్‌లో పెట్టండి. మన ఆసుపత్రుల్లో ప్రతి ఎమర్జెన్సీకి తలుపు అవతల అమ్మో, అత్తో, భర్తో ఉంటారు. పొద్దున ఆవిడ లోపలికి వచ్చి ఏడిస్తే ఇద్దరు ఒకేసారి "బయటికి వెళ్ళమ్మా" అని అరిచారు. ఒక మనిషికి ఆ పని అప్పగించండి. "అమ్మా, మీ అమ్మాయికి రక్తస్రావం ఎక్కువవుతోంది. లోపల ఐదుగురం ఉన్నాం, మందులు ఇస్తున్నాం, రక్తం తెప్పిస్తున్నాం. పది నిమిషాల్లో నేనే వచ్చి చెబుతాను." "ఏం కాలేదమ్మా" అని మాత్రం అనకండి. తర్వాత ఏమైనా జరిగితే ఆ మాటే గొడవకి మొదలవుతుంది.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక స్టాఫ్ నర్స్: మేడమ్, మా ప్రొఫెసర్ గారు ఇలాంటి డ్రిల్స్‌కి రారు. ఆయన లేకుండా చేస్తే ఉపయోగం ఉంటుందా?)

ఉంటుందమ్మా, మొదలుపెట్టండి. అయితే ఆయన ఎందుకు రావట్లేదో ఒకసారి ఆలోచించండి. జూనియర్ల ముందు తడబడితే పరువు పోతుందన్న బెరుకు పెద్దవాళ్ళకీ ఉంటుంది. అందుకే నేను కన్సల్టెంట్లకి మొదటి డ్రిల్ వేరుగా పెడతాను, వీడియో అక్కడికక్కడే తుడిచేస్తాను. రెండోసారి అందరితో కలిసి చేస్తారు. అదీ కుదరకపోతే ఆయన్ని బాలింత మామగారి పాత్ర వేయమనండి. తలుపు దగ్గర నిలబడి తన టీమ్ ఎలా మాట్లాడుకుంటుందో చూస్తారు. అలా చూశాక డ్రిల్‌లోకి వచ్చిన పెద్దవాళ్ళు నాకు తెలుసు.

(ఇంకొకరు: డ్రిల్‌లో సరే. నిజం కేసులో ఆపితే తర్వాత తిట్లు తప్పవు కదా మేడమ్?)

ఆ భయం నిజమే, నేను కొట్టిపారేయను. అందుకే ఆ భారం ఒక్క నర్స్ మీద వేయొద్దు. మీ విభాగాధిపతి, నర్సింగ్ సూపరింటెండెంట్ ఇద్దరూ సంతకం పెట్టిన అర పేజీ కాగితం లేబర్ రూమ్ గోడ మీద ఉండాలి. "ఆగండి, ఇది పేషెంట్‌కి ప్రమాదం" అని ఎవరన్నా అందరూ ఆగాలి, ఆపినవాళ్ళ అనుమానం తప్పని తేలినా ఎవరూ ఒక్క మాట అనకూడదు అని అందులో రాయాలి. చివరి వాక్యం లేకుండా ఆ కాగితం పనికిరాదు. నమూనా ఒకటి మీ ఫైళ్ళలో పెట్టాం, బీపీ కేస్ షీట్‌తో పాటు. మందుల పేర్లు, ఫోన్ నంబర్లు మీ ఆసుపత్రికి సరిపోయేలా మార్చుకోండి. మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ మారేటప్పుడు రెండు షిఫ్టుల వాళ్ళూ ఉంటారు, మొదటి డ్రిల్ అప్పుడు పెట్టుకోండి. పది నిమిషాల డ్రిల్, ఇరవై నిమిషాల మాట. మీరు చేశాక ఆ గదిలో ఏం బయటపడిందో నాకు తప్పకుండా రాయండి.